సగం దించిన షట్టరు

వాళ్ల వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. మనిషి పెద్దగా మాట్లాడదు. చేతులు మాత్రం ఊరుకోవు. బట్టలు కుట్టగా మిగిలిన ముక్కల్ని పారెయ్యాలంటే ఆమెకు ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆ ఇంట్లో ఒంటిమీద గుడ్డ లేని వస్తువు కనపడదు. ఫ్రిజ్జుకి తొడుగు. మిక్సీకి తొడుగు. టీవీకి కుచ్చుల తొడుగు. ఆఖరికి రిమోటుకి కూడా బొత్తాం పెట్టిన చొక్కా.

"మీ అక్క ఎదురుగా కదలకుండా కూర్చోకురోయ్, నీకూ ఒకటి తొడిగేస్తుంది" అని ఆమె తమ్ముణ్ణి స్నేహితులు ఆటపట్టించేవాళ్లు.

తమ్ముడిది మైకు సెట్ల పని. సభలకీ పెళ్లిళ్లకీ మైకులూ దీపాలూ అద్దెకిస్తాడు. మేనకోడలు అతన్ని మైకు మామయ్య అంటుంది. మైకు మింగిన గొంతు అతనిది. గుసగుసలాడినా పక్కింటికి వినపడుతుంది.

ఆ మేనకోడలే టైలరమ్మ కూతురు. ఇంట్లో పిచుక అంటారు. పెళ్లీడుకొచ్చినా ఆ పేరు పోలేదు. కిందటి వానాకాలంలో ఆ పిల్లకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. జబ్బయితే పోయింది గానీ, పోతూ పోతూ ఊపిరిలో సగం పట్టుకుపోయింది. అప్పటినుంచి ముక్కు కింద సన్నటి గొట్టం. గొట్టం చివర చిన్న పెట్టెంత ఆక్సిజన్ యంత్రం. చుట్టూ ఉన్న గాలినే లోపలికి లాక్కుని, వడగట్టి, పిల్లకి పంపిస్తుంది. కరెంటు ఉన్నంతసేపే దాని ప్రతాపం. లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు ఆగిందంటే మరుక్షణం చెవులు చిల్లులుపడేలా కూస్తుంది.

పెద్ద డాక్టరుకి చూపించాలంటే కొండదారిలో ఒక రోజు ప్రయాణం. అందుకని తమ్ముడు కారులో వాడుకునే ఇన్వర్టరు తెచ్చాడు. ఇటుకంత డబ్బా. ఒక పక్క చిన్న ఫ్యాను, ఇంకో పక్క ప్లగ్గు పెట్టుకునే చోటు. దాని తీగని కారులో సిగరెట్ లైటరు సాకెట్లో గుచ్చితే చాలు, కారు కరెంటు ఇంటి కరెంటైపోతుంది.

ప్రయాణం నాటికి టైలరమ్మ దానికి నీలం పూల తొడుగు కుట్టేసింది.

"ఇదేంటక్కా, దీనికేమన్నా పెళ్లా?"

"దుమ్ము పడదా మరి?"

"పడనీ. దానికి గాలి ఆడాలి. ముక్కూ నోరూ మూస్తే నువ్వెంతో, నేనెంతో, అదీ అంతే. తియ్యి ముందు." తమ్ముడు తొడుగు పీకి ఆమె ఒళ్లో పడేశాడు. "ఇంకోటి విను. ముందు ఇంజిన్ స్టార్ట్ చెయ్యాలి. తర్వాత ఇన్వర్టర్. ఆ తర్వాతే మెషీన్ ప్లగ్గు. ఇంజిన్ ఆపేసి దీన్ని నడిపితే కారు బ్యాటరీని జుర్రేస్తుంది, ఇక కారు కదలదు. పిచుక మెషీన్ ఒక్కటే దీని ఓపిక. టీ నీళ్లు కాచుకుంటానని కెటిల్ తగిలించావో, ఫ్యూజు ఢామ్మంటుంది."

"నేనేమన్నా చిన్నపిల్లనా?"

"చిన్నపిల్లవైతే చెప్పిన మాట వినేదానివి."

పిచుక పకపకా నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా టైలరమ్మ పిల్ల వీపు రాస్తూనే ఉంది.

వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. పెద్ద డాక్టరు పిల్ల వీపు మీద చెవి గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత టైలరమ్మని పక్కకి పిలిచాడు.

"ఊపిరితిత్తులు ఇంకా తేరుకోలేదమ్మా. యంత్రం తీసి ఉంచకండి. కాసేపే కదా అని కూడా తియ్యకండి. ఆ కాసేపు చాలు."

ఆమె తలూపింది. ఆ మాట తమ్ముడికి చెప్పింది. పిల్లకి చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో కొండ సగం ఎక్కారో లేదో పొగమంచు దిగింది. పొద్దింకా ఉంది. అయినా కళ్లకి గంతలు కట్టినట్టయింది. ముందు చెట్లు పోయాయి. తర్వాత రోడ్డు అంచు పోయింది. తర్వాత కారు ముక్కు తప్ప ఏమీ మిగల్లేదు.

ఒక మలుపులో ఎర్రలాంతరు ఊగింది. రోడ్డు పనివాడు కిటికీలోంచి తల దూర్చాడు.

"ముందు రాళ్లు పడ్డాయి. తియ్యడానికి టైం పడుతుంది. రోడ్డు మీద మాత్రం ఆగకండి, ఈ మంచులో వెనకొచ్చే లారీకి మీరు కనపడరు. ఇదిగో, ఎడమ పక్క పాత షెడ్డుంది. లోపల పెట్టుకోండి."

అది ఒకప్పుడు బళ్లు కడిగిన షెడ్డు. మూడు పక్కలా గోడలు, ముందు ఇనప షట్టరు. షట్టరు పైకే ఉంది. కడిగిన నీళ్లు బయటికి పోవడానికి నేల ముందుకి ఏటవాలుగా ఉంది. తమ్ముడు కారుని మొత్తం లోపలికి తెచ్చి, ముక్కు వెనక గోడ వైపు, తోక షట్టరు వైపు ఉండేలా పెట్టాడు. లోపల పాత సబ్బు వాసన. మడ్డినూనె వాసన. తడిసి ఎండని గుడ్డల వాసన. ఎక్కడో నీటి బొట్టు ఒకటి... పడుతోంది. ఆగుతోంది. మళ్లీ పడుతోంది.

"ఇంజిన్ ఆపను" అన్నాడు తమ్ముడు. "ఆపితే పిచుక మెషీన్ కారు బ్యాటరీ మీద పడుతుంది. కానీ అక్కా, ఆ షట్టరు జోలికి మాత్రం పోకు. చలేసినా సరే. ఇంజిన్ పొగ లోపలే ఉండిపోయిందంటే వాసనైనా తెలీదు, నిద్రలోనే చల్లగా సాగనంపుతుంది."

"అపశకునపు మాటలు ఆపు."

"శకునం కాదు తల్లీ, సైన్సు."

సీటు వెనక్కి వాల్చాడు. రెండు రోజులుగా ఆస్పత్రి బెంచీ మీద కూర్చునే నిద్రపోయిన మనిషి. కాసేపటికే గురక మొదలైంది. ఆ గురక కూడా మైకులోంచి వచ్చినట్టే ఉంది.

వెనక సీట్లో పిచుక తల్లి భుజం మీద తలపెట్టుకుంది. కాళ్ల దగ్గర యంత్రం. దాని పక్కన ఇన్వర్టరు. యంత్రం మెల్లగా నిట్టూరుస్తోంది. ఇన్వర్టరు ఫ్యాను గుయ్యిమంటోంది.

"అమ్మా, ఆ గోల... తల తిరుగుతోంది."

"ఓర్చుకో."

"నిద్రపట్టేదాకా అన్నా..."

టైలరమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. నీలం పూల తొడుగు వేళ్లకి తగిలింది. తమ్ముడి వైపు చూసింది. గురక. నిద్రపట్టేదాకానేగా అనుకుంది. తొడుగు వేసింది. గుయ్యిమనే చప్పుడు గుడ్డ లోపలికి పోయింది. పిల్ల కళ్లు మూసుకుంది.

కానీ పిల్ల ఒళ్లు వణుకుతోంది. ఉన్న శాలువా కప్పింది. తన శాలువా కూడా కప్పింది. తెరిచిన షట్టరులోంచి మంచు నేల మీద పాకుతూ లోపలికొస్తోంది.

అప్పుడు... కిటికీ అద్దం మీద ఎవరో గోటితో తట్టారు.

ఒకావిడ. తల మీంచి గోధుమరంగు దుప్పటి కప్పుకుంది. తన ఈడే ఉంటుంది. షెడ్డు కాపలా మనిషేమో అనుకుని టైలరమ్మ అద్దం కొంచెం దించింది.

"పాప చలికి వణుకుతోందమ్మా" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "షట్టరు దించుకోరాదూ?"

"వద్దండీ. ఇంజిన్ నడుస్తోంది. పొగ లోపలే ఉండిపోతుందట."

"వెనక గోడకి కిటికీ ఉందిగా. పొగ అటు పోతుంది."

ఆవిడ చెయ్యి చాపింది. కారు ముందద్దంలోంచి చూస్తే నిజంగానే గోడలో కిటికీ ఉంది. రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. అవతల మంచు తెల్లగా కదులుతోంది. లోపలికి వచ్చినప్పుడు తను గమనించలేదు. గమనించే తీరిక ఎక్కడుంది కనక?

"మీ తమ్ముణ్ణి లేపకు. అలిసిపోయాడు" అంది ఆవిడ.

పిచుక పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పెదాలు నేరేడు రంగుకి తిరుగుతున్నాయి.

"సగమే" అంది టైలరమ్మ.

"సగమే" అంది ఆవిడ.

ఆవిడ షట్టరు వైపు వెళ్లింది. గొలుసు గరగరమంది. మంచు రావడం తగ్గింది. పిల్ల వణుకు తగ్గింది. టైలరమ్మ అద్దం పైకెత్తుకుంటూ ఉంటే ఒక్కటే తట్టింది. తను మాట్లాడినప్పుడల్లా నోట్లోంచి ఆవిరి వచ్చింది. ఆవిడ నోట్లోంచి రాలేదు.

దుప్పటి అడ్డం ఉందేమోలే అనుకుంది. తల నొప్పిగా ఉంది. కణతల చుట్టూ ఎవరో దారం వేసి బిగిస్తున్నట్టుంది. ఇంకొంచెం... ఇంకొంచెం... బిగిస్తున్నారు.

ఆ నొప్పిలోనే కళ్లు మూతలు పడ్డాయి.

కూత.

చెవిలో సూది గుచ్చినట్టు కూత. ఎక్కణ్ణుంచో, నూతి అడుగునుంచి వస్తున్నట్టు వస్తోంది. ఆపండర్రా అనుకుంది. నోరు కదల్లేదు. చేతులు దూది అయిపోయాయి. కాళ్లు ఎవరివో. ఎంత హాయిగా ఉంది... ఎందుకు లేవాలి...

పిచుక యంత్రం.

కరెంటు ఆగితే తప్ప కూయదది.

కళ్లు తెరిచింది. ఇన్వర్టరు ఎర్రదీపం తొడుగు గుడ్డలోంచి కనిపిస్తోంది. తొడుగు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. గాలి ఆడక అది వేడెక్కి ఆగిపోయింది. తను కుట్టిన తొడుగే దాని పీక నొక్కింది.

తర్వాత చీకటి సంగతి తెలిసింది. వెలుతురు ఏదీ? వెనక్కి తిరిగింది. షట్టరు సగం లేదు. పూర్తిగా కిందికి ఉంది. నేలకి ఆనుకుని ఉంది.

ముందుకి చూసింది.

కిటికీ లేదు.

కారు దీపపు మసక వెలుతురులో గోడ. ఒట్టి గోడ. ఇటుకలూ, నాచూ.

"ఒరేయ్! లేరా... లేరా తమ్ముడూ!"

లేవలేదు. గురక లేదు. బుగ్గలు మాత్రం రంగు పూసినట్టు ఎర్రగా ఉన్నాయి. ఆమె రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి పాకింది. ఒక చేత్తో రెండో చేతిని తోసుకున్నట్టుగా ఉంది. తాళంచెవి దొరికింది. తిప్పింది.

ఇంజిన్ ఆగింది.

చప్పుడు... ఆగలేదు.

కారు దీపాలు ఆరిపోయాయి. తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. అయినా ఇంజిన్ నడుస్తోంది. ఇంకో ఇంజిన్. పాత ఇంజిన్. దగ్గుతూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ... షెడ్డులోనే, ఎడమ గోడ పక్కనుంచి. అక్కడ ఏ బండీ లేదు. లోపలికి వచ్చినప్పుడు లేదు. ఇప్పుడూ లేదు.

ఆమె కారు దిగిందో, పడిందో తెలీదు. మోకాళ్ల మీద షట్టరు దాకా పోయింది. రెండు చేతులా ఎత్తితే షట్టరు బెత్తెడు లేచింది. ఆగింది. పైన ఎవరో కూర్చున్నట్టు బరువు. భుజం పెట్టింది. అరిచింది. మళ్లీ భుజం పెట్టింది... షట్టరు ఒక్కసారిగా గరగరమని పైకి పోయింది.

గాలి. చల్లటి, తడి గాలి. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. మంచు బూడిదరంగులో ఉంది.

రెండు గుక్కలు తాగింది. మూడోదానికి ఆగలేదు. లోపల పిల్ల ఉంది. తమ్ముడున్నాడు. ఇద్దర్నీ మొయ్యలేదు. ఆమెకు కారు నడపడం రాదు. అయినా నేల వాలుగా ఉంది కదా. బ్రేకు వదిలితే కారే బయటికి జారుతుంది.

తమ్ముడి ఒళ్లు మీంచి వంగి చేతిబ్రేకు దించింది. గేరు కడ్డీని అటూ ఇటూ లాగి మధ్యలోకి తెచ్చింది. ఆ పని తమ్ముడు చేస్తుంటే ఎన్నిసార్లు చూసిందో. యంత్రం ఇంకా కూస్తూనే ఉంది. చచ్చిన బ్యాటరీతో ఇంతసేపు ఎలా కూస్తోందో? ఆలోచించలేదు.

కారు కదల్లేదు.

గోడకీ కారుకీ మధ్య సందులోకి దూరింది. రెండు చేతులూ కారు ముక్కుకి ఆనించి తోసింది. రాయిని తోసినట్టుంది. మళ్లీ తోసింది.

అప్పుడు పక్కన ఇంకో రెండు చేతులు కనపడ్డాయి.

భుజానికి భుజం ఆనించి ఆవిడ నిలబడి ఉంది. గోధుమరంగు దుప్పటి టైలరమ్మ చెంపకి తగిలింది. తడిగా ఉంది. సాయం పడుతోందనుకుంది ఒక్క క్షణం. తర్వాత ఆ వేళ్లు చూసింది. అవి తొయ్యడం లేదు. కారు అంచుని పట్టుకుని... లాగుతున్నాయి. ఇటు. లోపలికి.

"మా పిల్లని కూడా..." అంది ఆవిడ.

మాట చెవికి వినపడలేదు. చెంప మీద చల్లగా తగిలింది.

"...తీసుకెళ్లవూ?"

కారు వెనక సీట్లో పిచుక తల ఒక పక్కకి ఒరిగిపోయింది. గొట్టం ముక్కు మీంచి జారిపోయింది.

"మా పిల్లకి ఇక్కడ చలి. ఒక్కసారి తీసుకెళ్లమ్మా..."

ఏ పిల్ల? ఎక్కడుంది? అడగలేదు. ఆ వేళ కన్నకూతురి ఊపిరి తప్ప ఆమెకు లోకంలో ఇంకేమీ లేదు.

"సరే... తీసుకెళ్తా... వదులు! వదలవే తల్లీ... వదులు!"

చేతులు వదిలాయి.

కారు జర్రున జారింది. ఆమె బోర్లా పడింది. తలెత్తేసరికి కారు షెడ్డు దాటి, వాకిట్లో ఇసక కుప్పకి తోక ఆనించి ఆగి ఉంది. షెడ్డులో ఆ రెండో ఇంజిన్ ఆగిపోయింది. నీటి బొట్టు ఒక్కటే పడుతోంది.

పరుగెత్తింది. తలుపులు నాలుగూ బార్లా తీసింది. తమ్ముణ్ణి పక్కకి ఒరిగించింది. నోటి దగ్గర చెయ్యి పెడితే వేడి తగిలింది. బతికే ఉన్నాడు. పిచుక నోటి దగ్గర చెయ్యి పెట్టింది.

ఏమీ తగల్లేదు.

"పిచుకా... అమ్మా... బంగారం..."

ముందు ఇంజిన్. తాళంచెవి రెండుసార్లు కింద పడింది. ఇంజిన్ అందుకుంది. ఆరుబయట, ఇక భయం లేదు. తర్వాత ఇన్వర్టరు. తొడుగు పీకి పారేసింది. మీట నొక్కింది. ఎర్రదీపం. కాలిన పెనంలా ఉంది డబ్బా. చల్లారితే గాని పలకదు. తువ్వాలుతో విసిరింది. నోటితో ఊదింది. "తొందరగా... తొందరగా రా..." ఎవర్ని బతిమాలుతోందో ఆమెకే తెలీదు. మీట నొక్కింది. ఎర్రదీపం. విసిరింది. పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి. నొక్కింది. ఎర్రదీపం...

పిచుక ఊపిరి తీసింది.

పెద్ద ఊపిరి. నీళ్ల అడుగునుంచి పైకి తేలినవాళ్లు తీసేలాంటి ఊపిరి. రొమ్ము మొత్తం పైకి లేచింది. ఎన్నాళ్లనుంచో ఊపిరే ఎరగనట్టు, రుచి చూస్తున్నట్టు తీసింది. వదిలింది. మళ్లీ తీసింది.

గొట్టం టైలరమ్మ చేతిలోనే ఉంది. ఇన్వర్టరు దీపం ఎర్రగానే ఉంది.

పిల్ల కళ్లు తెరిచింది. తల్లిని చూసింది. కొత్త చోటికి వచ్చినవాళ్లు చూసినట్టు చుట్టూ చూసింది. కారు పైకప్పుని, సీటుని, తన చేతుల్ని.

"అమ్మా?" అంది. పిలిచినట్టు లేదు. అడిగినట్టుంది.

టైలరమ్మ పిల్లని గుండెకి అదుముకుంది. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. ఆలోచించదలచుకోలేదు.

ఎర్రలాంతరు మనిషి వచ్చేసరికి తమ్ముడు వాంతి చేసుకుని ఇసక కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. లాంతరు మనిషి తెరిచిన షెడ్డుని, వీళ్ల ముగ్గుర్నీ చూశాడు. అతని ముఖం మారిపోయింది.

"షట్టరు గాని దించుకున్నారా?"

టైలరమ్మ పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"తప్పు నాదే. చెప్పాల్సింది. మునుపు ఇలాంటి మంచులోనే ఒకావిడ పిల్లతో సహా ఇక్కడ ఆగింది. పిల్లకి చలని షట్టరు దించుకుని ఇంజిన్ ఆన్‌లోనే పెట్టుకుంది. పొద్దున్నే మేమే చూశాం. నిద్రపోతున్నట్టే ఉంది పాపం. వెనక కిటికీ తెరిచుందిలే అనుకున్నట్టుంది. ఇంకెవరూ దాన్ని నమ్ముకోకూడదని ఆ తర్వాత ఇటుకలతో మూసేశారు."

"పిల్ల?" అంది టైలరమ్మ. పిచుక కళ్లు తెరిచాక ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

అతను లాంతరు నేల మీద పెట్టాడు.

"ఆవిడ ఒక్కతే ఉందమ్మా కార్లో. పిల్ల చెప్పులున్నాయి. కప్పిన శాలువా ఉంది. షట్టరు లోపలినుంచే వేసి ఉంది, కిటికీకి ఊచలున్నాయి. పిల్ల మాత్రం... లేదు. కొండంతా వెతికాం. దొరకలేదు."

దారి తెరిచారు. దగ్గర ఊళ్లో ఆస్పత్రిలో చేర్పించారు. ముగ్గురి రక్తమూ తీశారు. కుర్ర డాక్టరు కాగితాలు చూసి, మళ్లీ చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ ఇద్దరి రక్తంలోనూ పొగ విషం బాగా ఉంది. మీ తమ్ముడికి ఇంకాస్త ఆలస్యమైతే అంతే సంగతులు. కానీ అమ్మాయి రక్తంలో అసలు లేదు. ఒక్క చుక్క లేదు." ముఖంలో అయోమయం. "ఈ అమ్మాయి మీతోపాటు ఆ కార్లోనే ఉందా?"

"నా భుజం మీదే ఉంది."

"అదెలాగమ్మా? ఆ మెషీన్ కూడా అక్కడి గాలే కదా ఇచ్చేది? ఆ గాలి పీల్చకుండా అంతసేపు..." ఆపేశాడు. ఆ మాట పూర్తిచేస్తే ఎక్కడికి పోతుందో అతనికీ తెలిసినట్టుంది.

ఆ తర్వాత పిచుక తేరుకుంది. కొంచెం కాదు, పూర్తిగా. యంత్రం అక్కర్లేకపోయింది. మెట్లెక్కుతోంది. బిందె మోస్తోంది. పెద్ద డాక్టరు మళ్లీ వీపు మీద చెవి గొట్టం పెట్టి, "నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు" అన్నాడు. వీధిలోవాళ్లు "ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో" అన్నారు. తమ్ముడు ముందులాగే నవ్విద్దామని చూస్తాడు.

"ఏం అక్కా, మూలన పడున్న మెషీనుకి తొడుగు కుట్టవా?"

టైలరమ్మ నవ్వదు. ఆ షెడ్డులో ఆవిడ అడిగిందీ, తను ఒప్పుకుందీ తమ్ముడికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తుంది? ఏమని చెప్తుంది? పిల్ల బతికింది. ఎదురుగా తిరుగుతోంది. తింటోంది. అమ్మా అంటోంది. తల్లికి ఇంకేం కావాలి?

మొన్న ఒక మధ్యాహ్నం ఆమె కుట్టిన బట్టలు ఇచ్చి అనుకున్నదానికంటే ముందే ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి నడిచింది. గది తలుపు ఓరగా ఉంది. మంచం మీద ఎండ పడుతోంది. పిచుక ఇటు తిరిగి పడుకుని నిద్రపోతోంది. దిండు మీద తెల్ల దారపు పోగు ఒకటి అంటుకుని ఉంది. దాని చివర సరిగ్గా పిల్ల ముక్కు కింద ఉంది.

నిద్రలో ఉన్న బిడ్డని చూడటం కంటే సుఖం ఏముంటుంది? తలుపు పక్కనే నిలబడి చూసింది.

దారం కదలడం లేదు.

చూసింది. పిల్ల రొమ్ము చూసింది. కడుపు చూసింది. ఎక్కడా కదలిక లేదు. ఎండలో దుమ్ము తేలుతోంది. పిల్ల ముక్కు ముందునుంచి కూడా తేలుకుంటూ పోతోంది... తిన్నగా, చెదరకుండా.

టైలరమ్మ ఊపిరి బిగబట్టింది. ఎంతసేపు బిగబట్టగలిగితే అంతసేపు. ఆమెకు దమ్ము చాల్లేదు. అక్కడ మంచం మీద మాత్రం ఏమీ లేదు.

చేతిలోంచి తాళాల గుత్తి జారింది. నేల మీద ఖణేల్మంది.

దారం కదిలింది.

రొమ్ము లేచింది, పడింది. లేచింది, పడింది. దొంగనిద్ర పోతున్న పసిపిల్ల పెద్దవాళ్ల అలికిడి వినగానే గబగబా సర్దుకున్నట్టు... కాస్త ఎక్కువ బుద్ధిగా, కాస్త ఎక్కువ క్రమంగా.

ఆమె తాళాలు తీసుకుంది. వంటింట్లోకి వెళ్లింది. మంచినీళ్లు తాగింది.

ఇప్పుడు ఆ గదిలోకి ఎప్పుడు వెళ్లాల్సొచ్చినా టైలరమ్మ తలుపు బయట ఆగుతుంది. గొంతు సవరించుకుంటుంది. కాసేపు ఆగుతుంది. లోపల ఊపిరి మొదలయ్యాకే తలుపు తోస్తుంది.